వంకాయ రంగు గుడ్డ

మొన్న మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తీద్దామని డాబా ఎక్కితే, మూడో అంతస్తు ఆవిడ పాత దుప్పటి పరిచి ఎండుమిరపకాయలు ఆరబోస్తోంది. ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి గుంటూరు నుంచి తెప్పించిందట. గాలి ఒక్కసారి ఇటు తిరిగింది. వరసపెట్టి ఏడు తుమ్ములు. కళ్ళు తుడుచుకుంటూ, నాకు తెలియకుండానే "లెంటు వచ్చేసిందండీ" అన్నాను. ఆవిడ కాయలు సర్దుతున్నదల్లా ఆగి, "ఏం వచ్చింది?" అంది.

ఎలా చెప్పను? చర్చిని మేం గుడి అంటాం. గుడి అనగానే కొందరికి కొవ్వొత్తుల వాసన గుర్తుకొస్తుంది, కొందరికి సాంబ్రాణి. నాకు లెంటంటే, మా క్రైస్తవుల ఉపవాసాల శ్రమకాలమంటే, మిరపకాయ ఘాటు. మాది సత్తెనపల్లి వైపు పల్లె. సంక్రాంతి దాటినప్పటి నుంచి ఏప్రిల్ దాకా మా ఊరు ఊరంతా ఎర్రగా ఉండేది. కల్లాల్లో కాయ, రోడ్డు వారన కాయ, ఎండ బాగా తగులుతుందని గుడి ఆవరణలో కూడా కాయ. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా సాగే శ్రమకాలం ఏటా ఆ కోతల మీదే వచ్చి పడేది. శుక్రవారం రాత్రి కూటాల్లో సగం సంఘం తుమ్ముతూ ఉండేది, మిగతా సగం కళ్ళొత్తుకుంటూ ఉండేది. డెల్టా వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన పాస్టరు అయ్యగారొకరు మొదటి శుక్రవారమే ఆ కన్నీళ్ళు చూసి, తన ప్రసంగం మహిమే అనుకుని ఇంకో అరగంట పొడిగించారు. మా నాన్న ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వేవాడు.

* * *

మా మామ్మకి చదువు రాదు, వేలిముద్రే. కానీ మా ఊళ్ళో గుడి క్యాలెండరు ఆవిడ ట్రంకు పెట్టెలో ఉండేది. బలిపీఠం మీదా, ప్రసంగ వేదిక మీదా పరిచే గుడ్డలు ఉతికి, మడతపెట్టి, ఏ కాలానికి ఏది కావాలో అది తీసి వేయడం ఆవిడ పని. జీతం లేదు. ఎవరూ అప్పజెప్పింది కూడా లేదు. తాతయ్య బతికున్నన్నాళ్ళూ గంట కొట్టేవాడు గనక, గుడ్డలు మామ్మకి వచ్చాయి, అంతే.

పెట్టె మూత తీస్తే ముందు కలరా ఉండల వాసన. పైన తెల్లది, క్రిస్మసుకి, ఈస్టరుకి. దాని కింద పచ్చది. ఎర్రది అన్నిటికన్నా కొత్తగా ఉండేది, ఎందుకంటే అది ఏడాదికి రెండుసార్లే బయటికి వచ్చేది: పరిశుద్ధాత్మ అగ్ని నాలుకలుగా దిగిన పెంతెకొస్తుకి ఒకసారి, అక్టోబరు 31న సంస్కరణ దినానికి ఒకసారి. మేం ప్రొటెస్టెంట్లలో లూథరన్ వాళ్ళం కదా, 1517లో లూథరు గారు తొంభై ఐదు సిద్ధాంతాలతో రోముని ప్రశ్నించిన రోజు మాకు పండగే. అడుగున నల్లది, మంచి శుక్రవారానికి, అంటే గుడ్ ఫ్రైడేకి మాత్రమే. దాన్ని విడిగా పాత లుంగీలో చుట్టి పెట్టేది. మిగతా గుడ్డలకి దుఃఖం అంటుకోకుండా అన్నట్టు.

ఊదాది మాత్రం ఊదాగా ఉండేది కాదు. క్రిస్మసు ముందు ఆగమన కాలంలో నాలుగు వారాలు, శ్రమకాలంలో నలభై రోజులు ఎండకీ దుమ్ముకీ వాడి వాడి, అది పండిపోయిన వంకాయ రంగుకి తిరిగింది. మా పేటలో అందరూ దాన్ని వంకాయ రంగు గుడ్డ అనే వాళ్ళు. "వంకాయ రంగు ఎప్పుడేస్తున్నావే?" అని పక్కింటి ముసలమ్మ అడిగిందంటే, పెళ్ళి మాటలు ఈస్టరు తర్వాతకి వాయిదా వేసుకోవాలా అని అడుగుతున్నట్టు లెక్క. శ్రమకాలంలో మా వాళ్ళు పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు కాదు.

ఈ రంగులన్నీ 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హయ్యరు దొరగారి పెట్టెలో అమెరికా నుంచి వచ్చాయని మామ్మ నమ్మకం. గుడ్డల్లో ఒకదాని అంచున మాత్రం సత్తెనపల్లి బట్టల కొట్టు ముద్ర నేనే చూశాను. చెప్పలేదు.

* * *

నలభై రోజులని అందరూ అంటారు గానీ, నేను నాలుగో తరగతిలో వేళ్ళ మీద లెక్కపెట్టి నలభై ఆరు అని తేల్చాను. బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా నలభై ఆరే. అయ్యగారికి లెక్కలు రావని ఇంట్లో ప్రకటించాను. మామ్మ బియ్యం చెరుగుతూ, "ఆదివారాలు తీసెయ్యి. ఆదివారం ఎప్పుడూ పండగే, ఉపవాసంలోకి రాదు" అంది. ఆరు తీసేస్తే నలభై. ఆ ముక్క తెలిసిన రోజు నుంచి ఆదివారం కోడికూర ఎందుకు వండవని నేను పోరు పెట్టడం మొదలైంది. ఆవిడ వండేది కాదు. లెక్క లెక్కే, కోడి కోడే.

అసలు శ్రమకాలంలో మా ఇంట్లో ప్రత్యేకంగా మానేసేది ఏముంది? కోతల్లో ఉన్న మనిషి పొద్దున గంజి తాగి వెళ్తే, మధ్యాహ్నం టిఫిను గిన్నెలో పచ్చడి మెతుకులు. మళ్ళీ రాత్రికే. అయ్యగారు "ఒక పూట మానండి" అంటే మా వరసలో ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునే వాళ్ళు. ఏ పూట? అందుకని మామ్మ వేరే దారి పట్టింది. పొయ్యి పక్కన పిడికెడు బియ్యం కుండ ఉండేది. వండబోయే ముందు ఎసట్లో పోసే బియ్యం లోంచి ఒక పిడికెడు తీసి అందులో వేయాలి. ఆదివారం ఆ బియ్యం గుడికి. అక్కడ అందరివీ కలిపి వేలం వేస్తే వచ్చిన డబ్బు గుడి ఖర్చులకి. మిగతా ఏడాదంతా ఒక పిడికెడు, శ్రమకాలంలో రెండు.

ఆ రెండు పిడికిళ్ళూ తీసేది నేను. ఎందుకంటే మామ్మ చేతులకి కారం. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కాయ కోసి కోసి, తాలుకాయ ఏరి ఏరి, ఆవిడ అరచేతులు పొయ్యి మీద పెట్టినట్టు మండేవి. ఇంటికి రాగానే చెంబుడు మజ్జిగలో చేతులు ముంచుకుని అరుగు మీద కూర్చునేది. తర్వాత ఆముదం. "నా చేత్తో తీస్తే బియ్యానికి ఘాటు అంటుద్దే, దేవుడు తుమ్ముతాడు" అనేది. నా పిడికిలి చిన్నదని నాకు కొంచెం గిల్టుగా ఉండేది. అందుకని నిండా పట్టి, వేళ్ళ సందుల్లోంచి జారినవి కూడా ఏరి వేసేదాన్ని.

ఆ రోజుల్లో ఆవిడ మమ్మల్ని అరచేత్తో ముట్టుకునేది కాదు. ఒకసారి మర్చిపోయి మా తమ్ముడి బుగ్గ నిమిరితే వాడు అర్ధరాత్రి దాకా ఏడ్చాడు. అప్పట్నుంచి ముద్దు చేయడమంటే మోచేత్తోనే. మోచెయ్యి వంచి, దాంతో నా తల వెనక నుంచి మెడ దాకా ఒకసారి రాసేది. పిల్లి ఒళ్ళు రుద్దుకున్నట్టు ఉండేది. ప్రార్థనలో కూడా అరచేతులు ఆనించేది కాదు. వేళ్ళ కొసలు మాత్రం తాకించి, మధ్యలో గాలి ఆడేలా పట్టుకునేది. మా పేట ఆడవాళ్ళందరివీ అలాగే ఉండేవి. ప్రార్థనలో చేతులు అలాగే పట్టుకోవాలేమో అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. గుంటూరు హాస్టల్లో చేరాక పక్కమ్మాయి ప్రార్థనలో చేతులు గట్టిగా జోడించడం చూసి ఆశ్చర్యపోయాను.

* * *

మా అమ్మ పుట్టిల్లు ఫిరంగిపురం పక్కన. వాళ్ళు ఆర్‌.సి.ఎం. వాళ్ళు, అంటే రోమన్ కాథలిక్కులు. అక్కడ మా మిరపకాయ పద్ధతులన్నీ నాటుగా కనిపించేవి. పై చదువులు చదివిన చుట్టాలింటికి వెళ్ళినట్టుండేది నాకు. మా భస్మ బుధవారమే వాళ్ళకి విభూది బుధవారం. ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాటి నిరుటి మట్టలు, ఇంట్లో పటం వెనక ఏడాదంతా ఎండినవి, తెచ్చి కాల్చి బూడిద చేసి ఫాదరు గారు నుదుటి మీద సిలువ గీసేవారు. మన్ను నువ్వు, మన్నులోనే కలుస్తావు అని మెల్లగా ఒక మాట. నాకు ఏడెనిమిదేళ్ళుంటాయి, ఆ మాటకి భయమేసి అమ్మమ్మ కొంగు పట్టుకున్నాను. ఆ బూడిద తుడుచుకోకుండానే మా ఊరు బడికి తిరిగొస్తే, తెలుగు మాస్టారు కళ్ళజోడు పైకెత్తి, "ఏమ్మా, శివరాత్రి మొన్నే అయిపోయిందిగా?" అన్నారు. నిజంగానే శివరాత్రీ బూడిద బుధవారమూ చాలా ఏళ్ళు కొద్ది రోజుల తేడాలో వచ్చేవి. కోటప్పకొండ తిరునాళ్ళకి మా రోడ్డు మీద నుంచే ప్రభలు వెళ్ళేవి, చూడ్డానికి పరిగెత్తేవాళ్ళం. మామ్మ ఏమీ అనేది కాదు. "చెరుకు ముక్క తెచ్చుకో. వాళ్ళది ఒక్క రాత్రి ఉపవాసం, మనది నలభై రోజులు, అదే తేడా" అనేది, కొంచెం గర్వంగానే.

అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో శుక్రవారం సాయంత్రం సిలువ మార్గం, ఏసు సిలువ మోసిన దారిని తలుచుకునే ప్రార్థన. గోడల మీద పద్నాలుగు పటాలు, పద్నాలుగు స్థలాలు. ఒక్కో దాని దగ్గర మోకాళ్ళూని లేవాలి. తొమ్మిదో స్థలానికి మా తమ్ముడు కూర్చునే నిద్రపోయేవాడు. ఈస్టరు దగ్గరపడే కొద్దీ అక్కడి స్వరూపాలన్నిటికీ ఊదా గుడ్డ కప్పేసేవాళ్ళు. మరియమ్మ తల్లి ముసుగేసుకుని నిలబడితే గుడి మొత్తం గుర్తుపట్టలేని చోటులా అయిపోయేది. పవిత్ర గురువారం పూజలో గంటలన్నీ ఒకేసారి మోగించి, ఆ తర్వాత ఆపేసేవాళ్ళు. మళ్ళీ ఈస్టరు ముందటి పాస్కా రాత్రి దాకా గంట లేదు, చెక్కతో చేసిన గిలకే. టకటక, టకటక. ఊరికి గొంతు పోయినట్టుండేది.

మా వైపు ఆగిపోయేది 'హల్లెలూయ'. శ్రమకాలంలో ఆ మాట పలకకూడదని అయ్యగారు మొదటి ఆదివారమే చెప్పేవారు. మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవాడు, మాటకి ముందొకటి, వెనకొకటి హల్లెలూయ లేకుండా మాట్లాడలేడు. నలభై రోజులూ ఆయన ప్రార్థన మధ్యలో "హ..." అని ఆగి, గుటక మింగి, "స్తోత్రం" అనేవాడు. మేం పిల్లలం ఆ "హ" కోసమే కాచుకు కూర్చునేవాళ్ళం.

* * *

చలికాలం సంగతి రెండు ముక్కలు. నవంబరు ఆఖర్లోనో డిసెంబరు మొదట్లోనో ఆగమన కాలం మొదలవుతుంది, వంకాయ రంగు గుడ్డ వస్తుంది. మా కుర్రాళ్ళు వెదురు బద్దలు చీల్చి, మైదా జిగురుతో రంగు కాగితాలు అతికించి నక్షత్రం కట్టేవాళ్ళు. అర్ధరాత్రి పెట్రోమాక్సు లైటు, డోలకు, చలికి పగిలిన గొంతులతో కేరల్స్. వాళ్ళు పాడి పాడి పడుకునే వేళకి రామాలయం మైకులో ధనుర్మాసం పాట మొదలయ్యేది. తెల్లారితే హరిదాసు. మా ఊళ్ళో ఆ నెల నిద్ర ఎవరికీ ఉండేది కాదు, ఏ మతమైనా.

నక్షత్రాన్ని జనవరి 6, బాల ఏసుని చూడ్డానికి తూర్పు జ్ఞానులు వచ్చిన జ్ఞానుల పండుగ దాకా దించనిచ్చేది కాదు మామ్మ. "ఒంటెల మీద వస్తన్నారు, దూరం కదా, వాళ్ళు రాకముందే దీపం ఆర్పేస్తే ఎట్టా?" అనేది. దించాక ఆ వెదురు బద్దలు మేం పట్టుకెళ్ళి పై బజారు పిల్లలకి ఇచ్చేవాళ్ళం. వారం తిరక్కుండా భోగి మంటలో అవి చిటపటలాడేవి.

చాలా ఏళ్ళ తర్వాత ఉద్యోగం మీద ఖమ్మం వైపు ఉన్నప్పుడు ఒకసారి దోర్నకల్ జంక్షన్లో రైలు తప్పిపోయి, ఊళ్ళోకి నడిచాను. అజరయ్య బిషప్పు గారు కట్టించిన పెద్ద గుడి అక్కడ ఉంది. గుమ్మటాలు చూస్తే మసీదు, స్తంభాలు చూస్తే దేవళం, లోపలికెళ్తే చర్చి. దాని పేరే జ్ఞానుల పండుగ పేరు. 1939లో సరిగ్గా జనవరి 6న ప్రతిష్ఠ చేశారని అక్కడాయన చెబుతుంటే నాకు మామ్మ ఒంటెలే కళ్ళముందు నడిచాయి. రాజమార్గంలో కాకుండా రైలు పట్టాల వెంట.

* * *

మంచి శుక్రవారం గురించి రాయాలంటే ఒక మాట చెప్పాలి. మా మామ్మకి అది జ్ఞాపకార్థ దినం కాదు. ఆ రోజు మా ఇంట్లో ఎవరో పోయారు, అంతే.

పొయ్యి వెలిగించేది కాదు. చావింట్లో వెలిగించరు కదా. వాకిలి ఊడ్చేది కాదు, తల దువ్వుకునేది కాదు. మమ్మల్నీ దువ్వుకోనిచ్చేది కాదు. ఒక ఏడు ఆ శుక్రవారం ముందు రోజు సాయంత్రం, మామ్మ కోతకి వెళ్ళే చేను ఆసామి ఇంటి ముందు కొచ్చి నిలబడ్డాడు. చెడ్డమనిషేం కాదు. మబ్బు పట్టింది, కల్లంలో కాయ తడిస్తే తాలై పోతుంది, రేటు పోతుంది అని ఆయన బాధ.

"రేపొక్క పూట మనుషుల్ని తీసుకురా. రెట్టింపు కూలిస్తా" అన్నాడు.

"రేపు కుదరదు దొరా. ఇంట్లో చావు" అంది మామ్మ.

ఆయన గతుక్కుమన్నాడు. "ఎవరే? ఎప్పుడు?"

"రేపు మూడింటికి."

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. "రెండు వేల ఏళ్ళ నాటి చావు కదే" అన్నాడు. మామ్మ ఏమీ అనలేదు. ఆయన వెళ్ళిపోయాడు. ఆ ఏడు మిగిలిన కోతలకి మా ఇంటి వాళ్ళని పిలవలేదు. మంచి శుక్రవారం ఖరీదు మా ఇంటికి ఎంత పడిందో ఆ వేసవి మా పుస్తకాలు కొనేటప్పుడు తెలిసింది.

పన్నెండింటికి ఆరాధన మొదలు. తెల్ల చీరల్లో ఆడవాళ్ళు, బలిపీఠం మీద నల్ల గుడ్డ, గంట లేదు. సిలువ మీద పలికిన ఏడు మాటలూ ఏడుగురు పంచుకుని మాట్లాడేవాళ్ళు. రేకుల కప్పు కింద ఏప్రిల్ ఎండ. నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఐదో మాటే 'దప్పిగొనుచున్నాను'. ఆ మాట మీద మాట్లాడే వంతు ఏటా బడి పంతులు గారిదే. ఆయన ముందు గ్లాసుడు నీళ్ళు పెట్టేవాళ్ళు. ఆయన తాగేవాడు కాదు. మేమంతా ఆ గ్లాసు వంకే చూస్తూ ఉండేవాళ్ళం. బయట చెమట పట్టి, ఒక బొట్టు గ్లాసు మీద నుంచి మెల్లగా జారి బల్ల మీద గుండ్రంగా మచ్చ కట్టేది. ఐదో మాట మీద నేను విన్న ప్రసంగాలు ఒక్కటీ గుర్తు లేవు. ఆ మచ్చ గుర్తుంది.

మూడు దాటాక ఇంటికొచ్చి ఉప్పు, అల్లం వేసిన మజ్జిగ తాగేవాళ్ళం. నల్ల గుడ్డ మళ్ళీ లుంగీలోకి వెళ్ళేది.

* * *

శనివారం ఉతుకులు. ఆదివారం తెల్లారేసరికి తెల్ల గుడ్డ సిద్ధంగా ఉండాలి. వంకాయ రంగుది కూడా ఉతికి లోపల పెట్టేయాలి. నాకు పదేళ్ళప్పుడు మామ్మకి జ్వరం తగిలి, ఆ ఏడు ఉతికే పని నా మీద పడింది. నేను తెలివిగా రెండూ ఒకే బకెట్లో నానబెట్టాను. అన్నాళ్ళు ఎండలో రంగు దిగిపోయిందనుకున్న ఆ వంకాయ గుడ్డ, ఇంకా ఎంత రంగు దాచుకుందో అప్పుడు తెలిసింది. తెల్ల గుడ్డ నేరేడు పళ్ళు తిన్న నాలుకలా బయటికొచ్చింది.

నేను బకెట్ పక్కనే కూలబడి ఏడుస్తుంటే, మామ్మ దుప్పటి కప్పుకుని లేచొచ్చింది. తిట్టలేదు. కొట్టలేదు. చాకలి సోడా తెప్పించి ఉడకబెట్టింది. మళ్ళీ ఉతికింది. తర్వాత నీలిమందు. మూడో జాడింపుకి మరకలు పోయి, గుడ్డ మొత్తం ఒకటే రంగుకి వచ్చింది. తెలుపు కాదు. తెల్లారబోయే ముందు ఆకాశం ఉంటుందే, ఆ రంగు. "చివర పట్టుకో" అంది. గుడ్డ బారెడు పొడవు, ఒక్కళ్ళు పిండలేరు. ఆ కొస ఆవిడ, ఈ కొస నేను, ఆవిడ కుడికి తిప్పితే నేను ఎడమకి. నీళ్ళు కారి కారి ఇద్దరి కాళ్ళ మధ్య బురద అయింది. జ్వరంతో ఆవిడ చేతులు వణుకుతుంటే ఆ వణుకు గుడ్డ గుండా నా చేతికి వచ్చేది.

ఆ ఈస్టరు నాడు అయ్యగారు బలిపీఠం వంక రెండుసార్లు చూశారు గానీ ఏమీ అడగలేదు. ఆ గుడ్డకి ఆ ఛాయ పోనేలేదు.

* * *

ఈస్టరు తారీకు ఏటా మారడం నాకు పెద్ద పజిల్. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి చూసుకుని, ఆ పైన వచ్చే ఆదివారం. అందుకే మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు. ఇదంతా హాస్టల్లో చదివి వచ్చి మామ్మకి చెప్పబోతే, "ఉగాది పోయాక వచ్చే పున్నమేగా, కొన్నేళ్ళు ముందొచ్చే హోలీ పున్నమి" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ మధ్య 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చి, ఈస్టరు దానికన్నా ముందు మార్చి 31నే వచ్చేసినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. ఆవిడ చంద్రుణ్ణి చూసే చెప్పేది. గెత్సేమనే తోటలో కూడా యూదుల పస్కా పండగ పున్నమే కదా, ఏసుని ఆ వెన్నెల్లోనే పట్టుకున్నారు కదా, మరి చూడకుండా ఎలా అనేది.

ఆదివారం మూడున్నరకే లేపేది. పేటంతా లాంతర్లు, తర్వాత్తర్వాత టార్చిలైట్లు. కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగమూ తాళమూ అచ్చేసి ఉంటాయి, మా వాళ్ళకి చూసే అవసరం లేదు. అంత పొద్దున కూడా ఎవరో ఒకళ్ళు భూపాలమే ఎత్తుకునేవాళ్ళు. పాడుకుంటూ చెరువు కట్ట కింద సమాధుల తోటకి. ముందు రోజే సున్నం వేసిన సమాధులు ఆ చీకట్లో తేలుతున్నట్టు ఉండేవి. మల్లెలు, కనకాంబరాలు, కొవ్వొత్తులు. చెరువు గాలికి కొవ్వొత్తి నిలిచేది కాదు, వెలిగించిన వాళ్ళే చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చోవాలి.

చనిపోయిన వాళ్ళ దగ్గరికి పండగ నాడు ఎందుకు వెళ్ళాలని ఒకసారి అడిగాను. మామ్మ నా వంక చూసి, "శుక్రవారం పోయాడు. ఇవాళ మూడోనాడు. మూడోనాడు ఇంటి ఆడాళ్ళు సమాధి దగ్గరికి పోరూ? మగ్దలేనే మరియా అందుకేగా పోయింది" అంది. మా ఊళ్ళో ఎవరు పోయినా మూడోనాడు చేసే పనే అది. నేను బైబిల్లో ఎన్నిసార్లు చదివినా ఎవరో దూరదేశపు ఆడవాళ్ళు సుగంధ ద్రవ్యాలు పట్టుకెళ్తున్నట్టే ఉండేది. మామ్మకి వాళ్ళు పక్క పేట ఆడవాళ్ళు. పాలూ పూలూ సర్దుకుని, రాయి ఎవరు దొర్లిస్తారు రా బాబూ అని దిగులు పడుతూ పోతున్నారు.

తూర్పు ఎర్రబడగానే అయ్యగారు "క్రీస్తు లేచెను" అనేవారు. "నిజముగా లేచెను" అని తోటంతా. ఆ పెద్దాయన నలభై రోజులు మింగిన హల్లెలూయలన్నీ ఒక్కసారి వదిలేవాడు.

మామ్మ తాతయ్య సమాధి మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చునేది. శుక్రవారం, శనివారం కోతకి వెళ్ళలేదు కదా, అరచేతుల మంట తగ్గి ఉండేది. లేచేటప్పుడు ఆ చేత్తోనే నా బుగ్గ నిమిరేది. కొంచెం చురుక్కుమనేది. అయినా నేను మొహం తిప్పుకునేదాన్ని కాదు.

* * *

తర్వాత యాభయ్యో రోజుకి పెంతెకొస్తు. రోహిణి కార్తె ఎండల్లో బలిపీఠం మీద ఎర్ర గుడ్డ. ఆ వేడికి అగ్ని నాలుకలు వేరే రావాలా అని మా నాన్న గొణుగుడు. ఆ పైన త్రిత్వ కాలం, పచ్చ గుడ్డ, సంస్కరణ దినం ఒక్కటి తప్పిస్తే మళ్ళీ నవంబరు దాకా మార్చే పని లేదు. సగం ఏడాది పెద్దగా పండగలు లేకుండా పచ్చగా నడుస్తుంది. తొలకరి, ఏరువాక, సాగర్ కాలువకి నీళ్ళు, పత్తి చేలలో కలుపు. చివర్లో కోతకాలపు పండుగ ఒకటి. గుమ్మడికాయని వేలంలో పాడి పాడి పదింతలకి కొని, మళ్ళీ దేవుడికే ఇచ్చేసి, రెండోసారి వేలం వేయించే మహానుభావులు ఉండేవాళ్ళు. మామ్మకి ఆ పచ్చ గుడ్డంటే ఇష్టం. "ఏమీ లేని రోజులకి కూడా ఒక రంగుంది చూడు" అనేది.

మా బాబాయి ఈ కాలాలు పాటించని సంఘంలో చేరిపోయాడు. పండగలకి ఇంటికొచ్చి వాదన. బైబిల్లో క్రిస్మసు ఎక్కడుంది, లెంటు ఎక్కడుంది, మాకు ప్రతి ఆదివారం పునరుత్థానమే అనేవాడు. ఆయన మాటలో తప్పేముందో నాకు ఇప్పటికీ కనిపించదు. మామ్మ మాత్రం విస్తట్లో వడ్డిస్తూ, "రోజూ అన్నం తింటన్నాం గదా అని పండగ పూట పరవాన్నం మానేస్తామా? తిను" అంది. ఆయన తిన్నాడు. రెండోసారి కూడా వేయించుకున్నాడు.

* * *

మామ్మ పచ్చ గుడ్డ కాలంలోనే పోయింది, వానల్లో. ట్రంకు పెట్టె మా మేనత్త ఇంటికి వెళ్ళింది.

డాబా మీద నుంచి దిగగానే అత్తకి ఫోన్ చేశాను. గుడికి టైల్స్ వేశారట, వెనక గోడకి ఫ్లెక్సీ కట్టారట, కానుకల పెట్టె పక్కన ఫోన్‌పే స్టిక్కరు కూడా ఉందట. పిడికెడు బియ్యం ఇంకా ముగ్గురు ముసలోళ్ళు తెస్తున్నారు, వేలం పాడేవాళ్ళు లేక పాస్టరమ్మగారే కొనుక్కుంటున్నారు. ఊదా గుడ్డ కొత్తది కుట్టించారు, పాలిస్టరు, ఇస్త్రీ అక్కర్లేదు.

"మరి పాతది?"

"పెట్టెలో అడుగునుందిలే. పారేయబుద్ధి కాలా."

"తెల్లది?"

"అదే వేస్తన్నాం. నువ్వు తగలేసిందే" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "ఈసారి పండక్కి వస్తావా? అమ్మ సమాధికి సున్నం వేయించాలి" అంది.

వస్తానన్నాను.

"ఆదివారం పొద్దున చుట్టపు చూపుగా దిగమాక. శనివారానికే రా. చేతుల్లో బలం ఉండట్లేదే నాకు. గుడ్డ పిండటానికి అవతలి కొస పట్టుకునే మనిషి కావాలి."